వాన ఆగిపోయే సినిమా కోసం వెళ్ళి

సినిమా ఏమైందని అడిగేవాళ్ళుంటారు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తాను. అది తీయలేదు. నిర్మాత మనసు మార్చుకున్నాడు. దర్శకుడు శ్రీధర్ వేరే పనుల్లో పడ్డాడు. నేను రాసిన కాగితాల కట్ట మా ఇంట్లో బీరువా మీద ఉంది. ఆ సినిమా పేరు చెప్పి మాకు మిగిలింది ఒక్కటే: అనంతపురం జిల్లాలోనూ, అక్కణ్ణించి అనుకోకుండా బెంగుళూరులోనూ మేం తిరిగిన అయిదు రోజులు.

నేను రేడియోకి నాటికలు రాసుకునేదాన్ని. శ్రీధర్ అవి విని మాటలు రాయమని పిలిచాడు. కథ ఇదీ. ఇంకో నలభై ఏళ్ళకి ఎండలు ముదిరి వానలు పూర్తిగా ఆగిపోతాయి. లోపలి జిల్లాలను ఖాళీ చేయించి, ప్రభుత్వం జనాన్ని సముద్రం ఒడ్డున శిబిరాలకి తరలిస్తుంది. ఒక ఊళ్ళో చివరి ఇంటి తాళం సైనికులు పగలగొట్టి, ఊరి పేరున్న బోర్డు పీకేసి వెళ్ళిపోవడంతో సినిమా అయిపోతుంది. ఇదంతా నేను తెనాలి దగ్గర మా ఊళ్ళో, కాలవ పక్కనున్న ఇంట్లో కూర్చుని రాశాను. తలెత్తి కిటికీలోంచి చూస్తే మడుల్లో నీళ్ళు కనిపించేవి. అందుకేనేమో నీళ్ళు లేకపోవడం గురించి చాలా ధైర్యంగా రాసేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వరసగా వానలు తప్పిన ఏళ్ళవి. "రాబోయే కాలం ఎలా ఉంటుందో చూపించాలంటే సెట్టు వేయక్కర్లేదు, అనంతపురం వెళితే చాలు" అన్నాడు శ్రీధర్. చేతిలో ఇమిడే వీడియో కెమెరా ఒకటి పట్టుకుని ఏప్రిల్ ఎండలో ఇద్దరం బయల్దేరాం.

యాడికి దారిలో

తాడిపత్రిలో జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు రామాంజి నలభై దాటిన మనిషి. ఏ మాటకైనా ముందు "ఏమప్పా" అని చేర్చేవాడు. మా వైపు చేలకి ముళ్ళకంచెలుంటాయి. ఇక్కడ నల్లరాతి బండల్ని వరసగా పాతి గోడలా నిలబెట్టారు. ఆ గోడల లోపల మాత్రం ఏమీ లేదు. ఎర్రమట్టి, వేరుశనగ వేసి వదులుకున్న సాళ్ళు, అక్కడక్కడ వేపచెట్టు.

యాడికి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్క చేలో తెల్లటి దుమ్ము మేఘంలా లేచింది. బోరు వేస్తున్న లారీ అది. శ్రీధర్ జీపు ఆపించి కెమెరాతో పరుగెత్తాడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ మనుషులు, కనుబొమ్మలదాకా పట్టిన తెల్లటి పొడి. మా కథకి అచ్చంగా సరిపోయే బొమ్మ. అంతలో లారీ చప్పుడు ఆగిపోయింది. తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్న మనిషి ఆ చేను రైతు, చిన్నపరెడ్డి. రాతి పొడి తప్ప చెమ్మ తగల్లేదని బోరు వాళ్ళు ఇనప గొట్టాలు పైకి లాగేస్తున్నారు. కెమెరా చూసి ఆయన కోప్పడతాడనుకున్నాను. ఎండలో నిలబడ్డామని ఇంటికి రమ్మన్నాడు.

ఇంటి గడపలో ఆయన భార్య ఎదురొచ్చింది. నీళ్ళడిగాను. "తాగేదానికా, మొగం కడిగేదానికా?" అంది. ఆ ప్రశ్న నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. తాగేవి ట్యాంకరు తెచ్చిన నీళ్ళు, మూతపెట్టిన బిందెలో ఉన్నాయి. కడుక్కునేవి పాత బోరు ఉప్పునీళ్ళు, తొట్టిలో. తాగుతూ ఉంటే పళ్ళకి గార పడుతుందట. రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పెట్టింది. మా ఇళ్ళల్లో వేరుశనగ పచ్చడి నాలుకకి రాసుకోవడానికే చేస్తారు. ఇక్కడ సంగటి ముద్దలో గుంట చేసి నింపేశారు. కారానికి కళ్ళు తిరిగాయి గానీ రెండో ముద్ద అడిగి వేయించుకున్నాను. భోజనమయ్యాక చేతులు కడుక్కున్న నీళ్ళు ఆవిడ ఒక బేసినులోకి పట్టి, దొడ్లో కరివేపాకు మొదట్లో పోసింది.

చిన్నపరెడ్డి మా కథేమిటని అడిగాడు. నలభై ఏళ్ళ తర్వాత వానలు ఆగిపోతాయని మొదలుపెట్టాను.

"నలభై ఏండ్ల తర్వాతనా?" అన్నాడు. "అంటే అందాక పడతాయా? మంచి కతే రాసినావమ్మా."

వెక్కిరింపో, నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలీదు. ఆయన భార్య మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జీపెక్కాక కథ జరిగే కాలం ఇంకా ముందుకు జరపాలా, వెనక్కి జరపాలా అని నేను నోటుపుస్తకంలో రాసుకుని కొట్టేశాను.

పామిడి ఇసుకలో

మర్నాడు పామిడి. బజారు నిండా బట్టల కొట్లు. పెన్న ఒడ్డునే ఉంది ఊరు. అయితే ఒడ్డు ఎక్కడ అయిపోయి ఏరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం, అంతా ఇసకే. మా కథలో ఎండిన నది దృశ్యం ఉంది. నదిలో జంతువుల ఎముకలు, దూరంగా నడిచిపోతున్న ఒక్క మనిషి. అది చూసుకోవడానికి శ్రీధర్ జీపుని ఏట్లోకి దింపమన్నాడు. రామాంజి వద్దన్నాడు. శ్రీధర్ వినలేదు. నాలుగు బారలు వెళ్ళేసరికి వెనక చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. చుక్క నీరు లేని నదిలో మునిగిన ఘనత మాకే దక్కింది.

మేం ఊహించినట్టు ఏరు ఖాళీగా లేదు. నడిమధ్యలో ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని కూర్చున్నారు. ఇసకలో మనిషి లోతు గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. కొబ్బరి చిప్పతో ఒక్కొక్క చిప్పే తోడి, పల్చటి గుడ్డలో వడగట్టి బిందెలో పోస్తున్నారు. ఒక బిందె నిండటానికి పట్టే సేపట్లో మా ఊళ్ళో వంట అయిపోతుంది. జీపు మూలుగు విని నలుగురైదుగురు చెలమలు వదిలేసి వచ్చారు. వాళ్ళల్లో పెద్దావిడ రామాంజిని పట్టుకుని, ఇసకలోకి బండి తోలినవాడివి ఈ ఊరివాడివి కాదులే అని తిట్టి, అందరి చేతా తోయించింది. చక్రాల కింద ఎండు కంప వేసి, తలా ఓ చెయ్యీ వేస్తే గంటకి బయటపడ్డాం.

ఆ గంటసేపూ వాళ్ళ బిందెలు చెలమ చుట్టూ వరసలోనే ఉన్నాయి. బిందె తేనివాళ్ళు తమ వంతులో ఒక రాయి పెట్టి వెళ్ళారు. బిందెని గానీ రాయిని గానీ ఎవరూ జరపలేదు. నా స్క్రిప్టులో నీళ్ళ దగ్గర కొట్లాట ఉంది, అందులో ఇద్దరు చచ్చిపోతారు. ఆ దృశ్యం రాసినప్పుడు నాకు చాలా నిజంగా అనిపించింది.

ఒడ్డున ఒకాయన పుచ్చకాయలు అమ్ముతున్నాడు, ఇక్కడ కళింగర అంటారు. ఏటి ఇసకలోనే పండించినవి. అయిదు రూపాయలకి మోయలేనంత కాయ ఇచ్చాడు. దాన్ని కోయించి అందరం పంచుకున్నాం.

తాళాల ఊరు

మూడోరోజు విడపనకల్లు దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్ళాం. అక్కడ నేల నల్లరేగడి, పగుళ్ళలో చెయ్యి దూరేంత. ఊరి పేరు రాయను, రాయొద్దన్నారు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే శ్రీధర్ నా భుజం పట్టుకున్నాడు. వీధికి ఒక వైపు ఇళ్ళన్నిటికీ తాళాలే. బాగా కట్టిన రాతి ఇళ్ళు, అరుగులు, తలుపుల మీద పసుపు కుంకుమ బొట్లు, మనుషులు మాత్రం లేరు. మా కథకోసం మేం వెతుకుతున్న ఊరు ఇదే.

కానీ తాళాలేసిన ఇళ్ళ ముందు ఊడ్చి ముగ్గు పెట్టి ఉంది. ఎవరు పెట్టారా అని చూస్తుంటే చీపురు పట్టుకుని ఒకావిడ వచ్చింది. పేరు లక్ష్మీదేవి. నలభై అయిదేళ్ళుంటాయి. నడుముకి కట్టుకున్న తాడుకి తాళంచెవుల గుత్తి. ఒక్కో చెవికి ఒక్కో రంగు గుడ్డపేలిక. ఎర్రది నాగన్న ఇంటిది, నీలంది సుంకమ్మ ఇంటిదని చూపించింది. అందరూ బెంగుళూరులో బేల్దారి పనికి, అంటే ఇళ్ళు కట్టే పనికి పోయారు. పీర్ల పండక్కి వస్తారు. అందాక ఈవిడ వారానికోసారి తలుపులు తీసి బూజు దులిపి, చెద పట్టిందేమో చూసి, మళ్ళీ తాళం వేస్తుంది. ఇది ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. మొదట ఒకరు తాళంచెవి ఇచ్చి పోయారు, తర్వాత అందరూ ఇచ్చారు.

శ్రీధర్ కథ చెప్పాడు. పదిరోజులు షూటింగు చేసుకుంటామని, ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూలి ఇస్తామని, చివరి దృశ్యంలో ఒక్క ఇంటి తాళం పగలగొట్టి మళ్ళీ కొత్తది వేయిస్తామని చెప్పాడు. లక్ష్మీదేవి చీపురు గోడకి ఆనించి అంతా విన్నది. తర్వాత అతన్ని వదిలేసి నన్ను అడిగింది.

"మీ సినిమాలో ఆ ఇంటోళ్ళు తిరిగొస్తారా మేడం?"

రాసింది నేనే కాబట్టి నేనే చెప్పాలి. "రారు" అన్నాను.

"అట్లయితే ఈ ఊరు వద్దు. యాడన్నా పాడుబడిన ఊరు సూసుకోండి. ఇది పాడుబడింది కాదు."

శ్రీధర్ చాలా రకాలుగా చెప్పి చూశాడు. అది ఉత్త సినిమా అన్నాడు. ఇలాంటివి చూస్తేనే పట్నాల్లో వాళ్ళకి కరువు అర్థమవుతుందన్నాడు. ఆ మాట నేనూ నమ్మినదే. ఆవిడ కోప్పడలేదు. బెంగుళూరులో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా ఆ సినిమాకి పోయి, తెర మీద తమ ఇంటి తలుపు పగలడం చూస్తే ఏమైపోతారని మాత్రం అడిగింది. పెద్దరైతు ఒకాయన వచ్చి, సర్పంచితో మాట్లాడి ఒప్పిస్తానని శ్రీధర్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. లక్ష్మీదేవి వెళ్ళి చివరి ఇంటి అరుగు మీద కూర్చుంది. అంతే, ఇంకేం చెయ్యలేదు. నిర్మాతకి ఆ వారంలో ఊరు ఖాయం చేసి చెప్పకపోతే సినిమా ఆగిపోతుందని నాకు తెలుసు. అయినా వెళ్ళి శ్రీధర్‌తో, ఆవిడ ఒప్పుకోకుండా ఇక్కడ తీస్తే నేను రాసిన మాటలు నాకిచ్చెయ్యమన్నాను. అతను విసురుగా వెళ్ళి జీపులో కూర్చున్నాడు.

నాకు పడక లక్ష్మీదేవి ఇంట్లోనే. ఆవిడ చెల్లెలు ఈరమ్మ, ఆమె భర్త ఓబులేసు పక్కిల్లే. అక్కాచెల్లెళ్ళిద్దరూ మైలున్నర దూరంలోని తోట బావి నుంచి తోపుడు బండి మీద నీళ్ళు తెస్తారు. నేను సాయం చేద్దామని లేచి, చీకటి గదిలో చూసుకోక ఒక బిందె తన్నేశాను. లక్ష్మీదేవి పాత చీర తెచ్చి నేల మీద పరిచి, పీల్చినంత పీల్చి బర్రెగొడ్డు తొట్టిలో పిండింది. ఆ తర్వాత తడినేల వైపే చూస్తూ గోడకానుకుని కూర్చుండిపోయింది. నేను క్షమించమని రెండుసార్లు అడిగాను. ఆవిడ విన్నట్టు లేదు.

ఇంకో తాళం

తెల్లారి ఈరమ్మ ఇంటి ముందు మూటలు కనిపించాయి. ఆ రోజే బెంగుళూరు ప్రయాణమని రాత్రి నాకెవరూ చెప్పలేదు. చెప్పుకోవాల్సిన విషయంగా వాళ్ళకి తోచలేదు. ఓబులేసు పొయ్యిలో బూడిద ఎత్తి బయట పోశాడు. ఈరమ్మ ఇల్లంతా ఊడ్చి, తలుపు దగ్గరికి వేసి, తాళం పెట్టింది. లక్ష్మీదేవి దాన్ని రెండుసార్లు లాగి చూసింది. కొంగు చివర నుంచి పసుపుపచ్చ పేలిక చింపి ఆ తాళంచెవికి ముడేసింది. ఇద్దరూ ఏడవలేదు. దారిలో తినమని వేయించిన శెనక్కాయల మూట ఇచ్చి, ఆడ నీళ్ళెట్లుంటాయో ఏమో అని మాత్రం అక్క రెండుమూడుసార్లు అంది.

మా స్క్రిప్టులో అతి ముఖ్యమైన దృశ్యం ఇది. శ్రీధర్ సంచీలోంచి కెమెరా తీశాడు. కొంచెంసేపు చేతిలో పట్టుకున్నాడు. మళ్ళీ సంచీలో పెట్టేసి, వెళ్ళి పెద్ద మూట ఎత్తుకున్నాడు. బస్సు కోసం నిలబడొద్దు, గుంతకల్లు దాకా జీపులో దింపుతామన్నాడు. నాతో రాజీ అప్పుడు కుదిరింది.

గుంతకల్లు నుంచి బండి

జీపులో ఈరమ్మ నా పక్కన కూర్చుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. అక్క దగ్గర మా కథ విందట.

"మీ కతలో జనాలు యాడికి పోతారక్కా?"

"సముద్రం ఒడ్డుకి. అక్కడ శిబిరాలుంటాయి."

"ఆడ వాళ్ళకు ఏం పని ఇస్తారు?"

 ఊరు ఖాళీ చేయించడానికి ముప్ఫై దృశ్యాలు రాశాను. ఒడ్డుకి చేరాక వాళ్ళు పొద్దున లేచి ఏం చేస్తారో ఒక్క వాక్యం లేదు. పని లేకపోతే మనిషి ఉత్తగా ఎట్లా కూర్చుంటాడని ఆమె తనలో తను అనుకుంది. ముందు సీట్లో శ్రీధర్ ఇదంతా విన్నాడు. స్టేషనులో మూటలు దించాక, మనమూ వీళ్ళతో వెళదామా అన్నాడు. రామాంజికి కిరాయి ఇచ్చి పంపేసి, రెండు టిక్కెట్లు కొన్నాం.

బండి వచ్చేలోగా ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మా వైపు మరమరాలంటే చిరుతిండి. ఇక్కడ వాటినే బొరుగులంటారు, నీళ్ళలో తడిపి, పిండేసి, తాలింపు పెట్టి పొద్దుటి ఫలహారంగా ఉగ్గాని చేస్తారు. ప్లాట్‌ఫారం నిండా మాలాగే మూటల మనుషులు. తొక్కిసలాట రాసుకున్న నాకు తొక్కిసలాట కనిపించలేదు. ఏ ఊరివాళ్ళు ఏ పెట్టె ఆగేచోట నిలబడాలో వాళ్ళకి తెలుసు. ఒకడు కిటికీలోంచి దూరి తువ్వాళ్ళు పరిచాడు, ముసలివాళ్ళు ముందు కూర్చున్నారు. ఏ మేస్త్రీ మంచివాడు, ఎక్కడ ఉండటానికి రేకుల గదులిస్తారు, ఎక్కడ ఇవ్వరు, దారి పొడుగునా అవే మాటలు. ధర్మవరంలో ఎక్కినాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మూలపడితే అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా పోతున్నాడు. రోజంతా కూర్చునే పనే కదా, కూర్చోవడం నాకు అలవాటే అన్నాడు. ఎదుటివాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు.

గోడల దగ్గర

బెంగుళూరులో దిగి ఈరమ్మ వాళ్ళు సాయంత్రం పనిచోటుకి పోయారు, మేం లాడ్జికి. మర్నాడు మధ్యాహ్నం ఓబులేసు చెప్పిన అడ్రసు వెతుక్కుంటూ వెళ్ళాం. ఊరి చివర, సగం లేచిన పెద్ద భవనం. పక్కన నీలం పట్టాలు కప్పిన రేకుల గదులు, మధ్యలో తాళ్ళ మీద ఆరేసిన చీరలు. నా కథలో శిబిరం నిజంగా ఇలాగే ఉంటుందేమో. పిల్లల ఏడుపు, పొయ్యిల పొగ, రేడియోలో కన్నడ పాట. ఓబులేసు ఇసక తట్టలతో మెట్లెక్కుతూ మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు.

ఈరమ్మ రెండో అంతస్తులో ఉంది. చేతిలో లావుపాటి పైపు. కొత్తగా కట్టిన గోడ మీదికి నీళ్ళు కొడుతోంది. గోడ తాగినంత తాగి మిగతాది కిందికి వదులుతోంది. ఆ నీళ్ళు మెట్ల మీదుగా జారి, ఇసక కుప్పల మధ్య నుంచి కాలవలా రోడ్డు మీదికి పోతున్నాయి. గోడ గట్టిపడాలంటే రోజుకి మూడుపూట్లా తడపాలట. ఆరితే పగులుతుందని మేస్త్రీ చెప్పాడట. కింద ఒక ట్యాంకరు ఖాళీ అవుతుంటే వెనక ఇంకొకటి నిలబడి ఉంది. ఆ నీళ్ళు ఏ ఊరివని శ్రీధర్ డ్రైవర్ని అడిగాడు. బయట పల్లెల బోర్లవి అన్నాడు వాడు.

ఈరమ్మ కాళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. పొద్దున్నుంచీ ఇదే పని, బరువు పనికాదు, మంచి పనే ఇచ్చారు అంది. కాసేపు గోడకేసి పైపు పట్టుకుని నిలబడింది. మేం బయల్దేరబోతుంటే వెనక్కి పిలిచి, నీళ్ళ చప్పుడులో వినపడేట్టు దగ్గరికొచ్చింది.

"మా యక్కకు ఫోన్ జేస్తారా?"

చేస్తానన్నాను.

"గోడలకు నీళ్ళు పోచ్చాండానని సెప్పొద్దక్కా. ఇటికెలు మోస్తాందని సెప్పు. ఇది వింటే ఆమె తట్టుకోల్యాదు."

రోడ్డు అవతల ఎస్‌టీడీ బూతు ఉంది. ఈరమ్మ ఇచ్చిన నంబరుతో ఆ ఊరి అంగడికి ఫోన్ చేసి, లక్ష్మీదేవిని పిలవమని చెప్పి, పది నిమిషాలాగి మళ్ళీ చేశాను. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసం వినపడుతోంది. క్షేమంగా చేరారని, ఉండటానికి గది ఇచ్చారని చెప్పాను. నీళ్ళున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. బూతు అద్దంలోంచి నీళ్ళు రోడ్డు దాటి మురికి కాలవలో పడటం కనిపిస్తోంది.

"మా ఈరమ్మకు ఏం పని ఇచ్చినారు మేడం?"

"ఇటుకలు మోస్తోంది" అన్నాను.

అవతల అంగట్లో ఎవరో బేరమాడుతున్న చప్పుడు వినపడింది.

"బరువుంటాయా?"

"కొంచెం బరువే."

"మోస్తాదిలే" అంది. "చిన్నప్పటినుంచి నీళ్ళు మోసిన పిల్ల."